విహంగదృష్టి: కర్నలు కాలిన్ మెకంజీ జీవితము

చిత్తూరు సీమయందలి సోమల పరిసరములు కొండలతో నిండియున్నవి. అచ్చటి కొండ నొకదాని నెక్కి క్రిందికి చూచినవారి కొక వింత తోచును. నడచునపుడు ఎంతకును తరుగని బాట సన్నని గీతవలె కనబడును. చెరువు అద్దపు పలకవలెను, దాని కట్ట కొడవలివలెను, పొలములు గళ్ళ దుప్పటివలెను అగుపించును. ఊరిలో పుట్టి పెరిగినవాడు కూడ తన ఊరి ఆకారమును అపుడే తొలిసారి తెలిసికొనును. ఆకాశమున ఎగురు పక్షికి ఈ భాగ్యము నిత్యము కలదు. మానవుడు దానికై చిరకాలము తపించెను.

1858లో ఫ్రాన్సు దేశీయుడగు నదార్ అనునతడు బెలూనులో పైకి పోయి, ఆకాశమునుండి ఛాయాచిత్రము తీసెను. తరువాత విమానములు వచ్చెను. నేడు ఉపగ్రహములును, చిన్న గద్దవలె ఎగురు డ్రోన్లును కొండలను, నదులను, నగరములను, శిథిలములను పైనుండి చిత్రించుచున్నవి. హంపి శిథిలములును, అమరావతి మహాచైత్యపు వలయమును పైనుండి ఎట్లుండునో మనము ఇంటనుండియే చూడగలుగుచున్నాము. కాని బెలూనుగాని, విమానముగాని, ఛాయాచిత్రపు పెట్టెగాని లేని కాలమున ఒక పురుషుడు నేలమీద నడచుచునే ఈ స్థలములను పక్షి చూచినట్లు చూచి కాగితముపై నిలిపెను. అతడే కర్నలు కాలిన్ మెకంజీ.

మెకంజీ 1754 ప్రాంతమున స్కాట్లండు దేశమునకు వాయవ్యముగనున్న లూయిస్ ద్వీపమున, స్టోర్నవే అను రేవుపట్టణమున జన్మించెను. అతని తండ్రి వర్తకుడు. ఆ ద్వీపమున చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. పూర్వులు నిలిపిన పెద్ద పెద్ద రాళ్ళ వలయములు అచ్చట నేటికిని కలవు. మెకంజీ యౌవనమున ఆ పట్టణపు సుంకముల కార్యాలయమున ఉద్యోగము చేసెను. అతనికి గణితముపై మక్కువ మెండు. సంవర్గమానములను కనుగొనిన జాన్ నేపియరు వంశీయుడగు ఒక ప్రభువు తన పూర్వుని చరిత్రను వ్రాయింప సంకల్పించి, ప్రాచీన భారతీయుల గణితమును గూర్చిన విషయములను సేకరించు పనిలో మెకంజీ సాయమును కోరెను. ఈ పనివలన అతని మనస్సు భారతదేశమువైపు మరలెను.

1783లో మెకంజీ ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి చెన్నపట్టణము చేరెను. అప్పటికి అతనికి ముప్పది ఏండ్లు కావచ్చుచుండెను. కొలది కాలమునకే మధురలో నేపియరు ప్రభువు కుమార్తె ఇంట అచ్చటి పండితులతో అతనికి పరిచయము కలిగెను. ఈ దేశపు విద్యలు ఎంత లోతైనవో అతడు అచ్చటనే గ్రహించెను. కాని కంపెనీ అతనిని పంపినది విద్యలకొరకు గాదు. ఇంజనీరుగా అతడు సైన్యములవెంట తిరుగవలసివచ్చెను. బాటలను, కోటలను, నదుల రేవులను కొలిచి పటములు గీయుట అతని పని. ఆ పటములు యుద్ధములకును, శిస్తు వసూలునకును కావలసియుండెను. దేశమును ఆక్రమించువారి చేతిలో పటము ఒక ఆయుధమే. మెకంజీ కూడ ఆ కంపెనీ సేవకుడే యను సంగతి మరువరాదు. అయినను అతడు కొలతలతోనే తృప్తి చెందలేదు. తాను కొలుచు ప్రతి దిబ్బయు, ప్రతి పాడుగుడియు ఎవరిదో, ఎప్పటిదో తెలిసికొనవలెనని అతని చిత్తము ఆరాటపడుచుండెను.

గుంటూరు సీమయందును, నిజాము రాజ్యమునందును అతడు పెక్కు సంవత్సరములు సర్వే పనిమీద సంచరించెను. 1794లో నల్లమల అడవులు దాటి శ్రీశైలము చేరెను. అప్పుడచ్చటికి మంచి మార్గములు లేవు. ఆలయమును, ప్రాకారముపైనున్న శిల్పములను చూచి అతడు అబ్బురపడెను. తాను చూచినదెల్ల దినచర్యలో వ్రాసికొనెను. ఆ వ్రాత కొన్ని ఏండ్ల తరువాత కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ సంపుటమున అచ్చయ్యెను.

అయినను ఒక లోటు అతనిని బాధించుచుండెను. అతనికి దేశభాషలు రావు. శాసనములు కనబడును గాని అవి అతనితో మాటాడవు. పల్లెలోని వృద్ధులు చెప్పు కథలు చెవిని పడును గాని అర్థము కావు. ఈ లోటును తీర్చినవాడు ఏలూరున జన్మించిన కావలి వేంకట బొర్రయ్య. 1796లో బొర్రయ్య మెకంజీవద్ద చేరెను. అప్పటికి అతడు ఇరువది ఏండ్ల యువకుడు. సంస్కృతాంధ్రములేగాక పారసీకము, ఆంగ్లము మొదలగు భాషలయందును అతనికి ప్రవేశము కలదు. ఎవరితోనైనను మర్యాదగ మాటలాడి విషయమును రాబట్టు నేర్పు అతనికి ఉండెను. పూర్వ కన్నడ లిపిలోని శాసనములను శ్రమపడి చదివెను. భారతీయ విజ్ఞానమను కోటకు ద్వారము తనకు తెరచినవాడు బొర్రయ్యయేయని మెకంజీ వార్ధక్యమున సైతము కృతజ్ఞతతో తలచుకొనుచుండెను.

1797లో కృష్ణాతీరముననున్న అమరావతిలో ఒక వింత దిబ్బ బయలుపడినదని మెకంజీకి వార్త వచ్చెను. దానిని జనులు దీపాలదిన్నె యనుచుండిరి. చింతపల్లి జమీందారగు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన నివాసమును అమరావతికి మార్చి క్రొత్త పట్టణమును కట్టించుచుండెను. కట్టడములకు రాళ్ళకై త్రవ్వగా చెక్కుడు పని గల సున్నపురాతి పలకలు వెలువడెను. మెకంజీ అచ్చటికి పోయి చూచెను. ఏనుగులు, గుఱ్ఱములు, స్త్రీపురుషులు, రథములు, పద్మములు ఆ రాళ్ళపై జీవము గలవానివలె ఉండెను. అది సుమారు రెండువేల ఏండ్లనాటి బౌద్ధ స్తూపమని అప్పుడు ఎవ్వరికిని తెలియదు. మెకంజీకిని తెలియదు. కాని అది సామాన్యమైనది గాదని మాత్రము అతడు గుర్తించెను. అప్పటి పరిస్థితులలో అతడచ్చట ఎక్కువకాలము నిలువలేకపోయెను. మరల వచ్చి సర్వమును చిత్రింపించవలెనని మనసున నిశ్చయించుకొని కదలెను.

1799లో శ్రీరంగపట్టణము కంపెనీ వశమయ్యెను. టిప్పుసుల్తాను యుద్ధమున మరణించెను. ఆ సంవత్సరముననే మెకంజీ హంపి శిథిలములను కొలిచి పటము గీయించెను. 1565లో తళ్ళికోట యుద్ధానంతరము పాడుపడిన విజయనగరమునకు అదియే మొదటి సర్వే పటము. తుంగభద్ర వంపులు, కొండల నడుమ దాగిన కోటగోడలు, గుడులు, వీధులు దాని స్థానమున అది ఆ పటములో అమరినవి. నేడు విమానమునుండి హంపిని చిత్రించువారు కన్నులతో చూచు రూపమును అతడు కాలినడకన కూర్చి చూపెను.

ఇది ఎట్లు సాధ్యమయ్యెనో తెలిసికొనుట అవసరము. మొదట చదునైన నేలపై రెండు స్థానముల నడుమ దూరమును గొలుసుతో అతి జాగ్రత్తగ కొలుతురు. దీనిని ఆధారరేఖ యందురు. ఆ రేఖయొక్క రెండు కొనలనుండియు దూరపు కొండశిఖరమున నాటిన జెండాను థియోడొలైటు అను యంత్రముతో చూచి కోణములను గుర్తింతురు. ఒక భుజము కొలతయు, దాని రెండు కొనలయందలి కోణములును తెలిసినచో త్రిభుజమును గీయవచ్చునని విద్యార్థులెరుగుదురు. కావున ఆ కొండ ఎంత దూరముననున్నదో, దానిదగ్గరకు పోకయే లెక్కగట్టవచ్చును. ఆ త్రిభుజము భుజమే మరొక త్రిభుజమునకు ఆధారరేఖ యగును. ఇట్లు త్రిభుజములను అల్లుచు పోగా, వలలో చేపలవలె ఊరులు, చెరువులు, నదులు పటములో చిక్కును. పక్షి ఒక్క చూపున చూచునది సర్వేయరుకు వేలకొలది కొలతలవలన గాని లభింపదు.

ఈ పద్ధతిచే మెకంజీ మైసూరు రాజ్యమును సర్వే చేయ నారంభించెను. దాని వైశాల్యము సుమారు 40,000 చదరపు మైళ్ళు. మదనపల్లె, పుంగనూరు సీమలకు పడమటనున్న కోలారు ప్రాంతము అప్పుడు ఆ రాజ్యములోనిదే. ఈ పని దాదాపు పది సంవత్సరములు సాగెను. అనంతరము కడప, బళ్ళారి మొదలగు దత్తమండలముల సర్వేయు అతని పర్యవేక్షణముననే జరిగెను. చెన్నపట్టణమున 1794లో నెలకొల్పబడిన సర్వే పాఠశాలలో చదివిన బాలురు పలువురు ఈ పనులలో అతనికి తోడ్పడిరి. కొండలెక్కి జెండాలు నాటుట, ముండ్లపొదలలో గొలుసు లాగుట, ఎండలో యంత్రములు మోయుట వారి నిత్యకృత్యము. అడవి జ్వరములు వారిని పీడించెను. కంపెనీ అధికారులు ఖర్చు తగ్గింపుమని ఒత్తిడి చేయుచుండిరి. చరిత్ర సేకరణకు మెకంజీ పెక్కుమార్లు తన సొంత ధనమునే వెచ్చించెను.

ఇంతలో 1803లో అతనికి పెద్ద దెబ్బ తగిలెను. ముప్పది ఏండ్లైన నిండకుండగనే బొర్రయ్య మరణించెను. మెకంజీ మిక్కిలి దుఃఖించెను. అయినను పని ఆగలేదు. బొర్రయ్య తమ్ముడగు వేంకట లక్ష్మయ్య అన్న స్థానమును గ్రహించెను. మరొక సోదరుడగు రామస్వామియు వారికి తోడుగ నుండెను. లక్ష్మయ్య తెలుగు, తమిళ, కన్నడ ప్రాంతములకు సహాయకులను పంపెను. వారు పల్లెపల్లెకు పోయి కరణములను, పూజారులను, వృద్ధులను కలిసికొనిరి. ఊరు ఎప్పుడు కట్టిరి, చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడికి మాన్యమెవరిచ్చిరి, కోట ఎట్లు కూలెను అని అడిగి వ్రాసిరి. ఇట్లు వ్రాయబడిన గ్రామచరిత్రలకే కైఫీయతులని పేరు. కొందరు గ్రామస్థులు వీరిని చూచి, శిస్తు పెంచుటకు వచ్చిన వేగులవారని భయపడి నోరు విప్పకుండిరి. అట్టివారిని ఓర్పుతో నమ్మించి విషయము రాబట్టవలసివచ్చెను.

1811లో కంపెనీ సైన్యము జావా ద్వీపముపైకి పోయినపుడు మెకంజీయు వెళ్ళెను. అచ్చట 1812లో ప్రంబనన్ ఆలయ శిథిలములను పరిశీలించి వర్ణించెను. సముద్రమునకావల సైతము శివుని గుడులను కనుగొని ఆశ్చర్యపడెను. 1813లో అతడు భారతదేశమునకు మరలివచ్చెను. అదివరకే అతడు మద్రాసు రాజధానికి సర్వేయర్ జనరలుగా నుండెను. 1815లో యావద్భారతమునకు మొదటి సర్వేయర్ జనరలుగ నియమింపబడెను.

ఈ పదవి లభించిన పిదప అతడు చేసిన ముఖ్యకార్యములలో అమరావతికి మరల పోవుట ఒకటి. 1797లో చేసికొన్న నిశ్చయమును అతడు మరువలేదు. కాని 1816లో అచ్చట అతనికి కనబడినదేమి? తాను తొలిసారి చూచిన దిబ్బ అచ్చట లేదు. దాని నడుమ చెరువు త్రవ్వబడియుండెను. చెక్కుడు రాళ్ళలో పెక్కు కొత్త కట్టడముల గోడలలోనికిని, మెట్లలోనికిని పోయియుండెను. పందొమ్మిది సంవత్సరముల జాగువలన రెండువేల ఏండ్ల సంపద చెదరిపోయెను. దానిని చెదరగొట్టినవారు శత్రువులు గారు. వారికి దాని విలువ తెలియదు. రాయి వారికి రాయియే.

మెకంజీ విలపించుచు కూర్చుండలేదు. చిత్రకారులను, సర్వేయర్లను వెంటనే పనిలో నియోగించెను. మిగిలిన ప్రతి పలకను వారు కొలిచి, గీసి, నీడలు దిద్ది, అడుగున తేదీని, తమ పేరును వ్రాసిరి. స్తూపపు వలయమును, ఏ రాయి ఎచ్చట దొరకినదో దానిని, పైనుండి చూచినట్లు పటముగ గీసిరి. ఆ పని మరి రెండేండ్లవరకు సాగెను. తరువాత ఆ రాళ్ళలో కొన్ని చెన్నపట్టణమునకును, కలకత్తాకును, లండనుకును పోయెను. కొన్ని ఎక్కడికి పోయెనో జాడయే లేకపోయెను. అట్లు పోయిన పలకల రూపము నేడు ఆ చిత్రములయందు మాత్రమే నిలిచియున్నది. ఆనాడు ఆ కాగితములు లేకున్నచో, అమరావతి శిల్పములో కొంత భాగము ఉండెనను మాట కూడ లోకమునకు తెలియకుండెడిది.

ఆ 1816వ సంవత్సరముననే థామస్ హికీ అను చిత్రకారుడు మెకంజీ రూపమును చిత్రించెను. ఆ పటమున మెకంజీ ఎఱ్ఱని సైనికదుస్తులతో నిలిచియుండును. కాని అతడొంటరిగ లేడు. ముగ్గురు భారతీయ సహాయకులు అతని వెనుకను ప్రక్కను ఉందురు. ఒకనిచేత తాటాకు గ్రంథము, మరొకనిచేత దూరదర్శిని కలవు. దూరమున కొండమీద గోమఠేశ్వరుని మహావిగ్రహము కనబడును. అధికారులు తమ చిత్రములలో తమ గొప్పనే చూపు కాలమున, మెకంజీ తన పనివారిని ప్రక్కన నిలుపుకొనుట గమనింపదగినది.

1817లో అతడు ఉద్యోగరీత్యా కలకత్తాకు పోవలసివచ్చెను. లక్ష్మయ్య మొదలగువారిని, తన గ్రంథములను వెంటతీసికొని పోయెను. తాను ప్రోగుచేసినదానినంతటిని వర్గీకరించి, దక్షిణదేశ చరిత్రకు ఉపయోగపడునట్లు సూచీగ్రంథమును సిద్ధము చేయవలెనని అతని కోరిక. కాని ముప్పది యెనిమిది ఏండ్ల ఎండవానలు అతని శరీరమును శిథిలము చేసెను. స్వదేశమునకు మరలిపోకయే, కోరిక తీరకయే, 1821 మే 8వ తేదీన అతడు మరణించెను. కలకత్తాలోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో అతని సమాధి కలదు.

అతని సేకరణమును కంపెనీ లక్ష రూపాయలకు అతని భార్యవద్ద కొనెను. హోరేస్ హేమన్ విల్సన్ అను పండితుడు 1828లో దాని పట్టికను ప్రకటించెను. దానియందు 1,568 గ్రంథములు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనముల నకళ్ళు, 2,630 చిత్రములు, 79 పటములు, 6,218 నాణెములు కలవు. తన యజమాని విడిచిన పనిని కొనసాగింతునని లక్ష్మయ్య కోరెను. కాని కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పెద్దలు అంతటి బాధ్యతను భారతీయునికి అప్పగించుటకు సమ్మతింపలేదు. జీవితమంతయు ఆ గ్రంథముల నడుమనే గడిపినవాడు తన చేతుల పంటను కోసికొనలేకపోయెను. తరువాత చార్లెస్ ఫిలిప్ బ్రౌను చెదలుపట్టుచున్న కైఫీయతులకు నకళ్ళు వ్రాయించి కాపాడెను. నేడు తెలుగుదేశపు గ్రామచరిత్ర వ్రాయబూనువారికి ఆ కైఫీయతులే మొదటి ఆధారములు.

మెకంజీ మరణించిన నూరేండ్లకు విమానము చరిత్రకారునికి చేతిపనిముట్టయ్యెను. మొదటి ప్రపంచయుద్ధమున విమానములనుండి శత్రుస్థానములను కనిపెట్టిన క్రాఫర్డ్ అను ఆంగ్లేయుడు, 1924లో కీలర్ అను మిత్రునితో గూడి దక్షిణ ఇంగ్లండుపై ఎగిరి ప్రాచీన స్థలముల ఛాయాచిత్రములు తీసెను. 1928లో వాటిని గ్రంథముగ ప్రకటించెను. నేలలో పూడిపోయిన కందకముపైన పైరు ఏపుగ పెరుగును. పూడిన గోడపైన గిడసబారును. నేలమీద నిలిచినవాని కది తెలియదు. పైనుండి చూచినవానికి పైరులోనే కోట ఆకారము కనబడును. ప్రొద్దు వాలు వేళ పొడవగు నీడలవలన చదునైన దిబ్బలు సైతము బయటపడును. ఇట్లు ఆకాశచిత్రణము భూమిలోని చరిత్రను చదువు విద్య యయ్యెను.

తెలుగునాటను ఈ విద్య వర్ధిల్లినది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము ఉపగ్రహములనుండియు, విమానములనుండియు భూమిని చిత్రించుచున్నది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున భూముల పునఃసర్వే ఆరంభమైనపుడు, ఊళ్ళమీద డ్రోన్లు ఎగిరి పొలముల హద్దులను చిత్రించెను. ఆ పనిలో తోడ్పడిన సంస్థ సర్వే ఆఫ్ ఇండియా. రెండువందల ఏండ్లకు పూర్వము భారతదేశమునకు మొదటి సర్వేయర్ జనరలుగ నుండిన మెకంజీ పీఠమునకు వారసులైనవారే నేటికిని దానికి అధిపతులు. అతడు పదేండ్లు నడచి కూర్చినదానిని నేటి యంత్రము కొలదిదినములలో చూపగలదు.

అయినను ఒక భేదము కలదు. ఆకాశమునుండి చెరువు కనబడును గాని, దానిని త్రవ్వించినవాని పేరు కనబడదు. గుడి కప్పు కనబడును గాని, గోడమీది శాసనము వినబడదు. అందుకై ఎవరో ఒకరు క్రిందికి దిగి, వృద్ధునిప్రక్క కూర్చుండి, ఓపికతో అడిగి వ్రాయవలెను. మెకంజీకి పక్షి చూపు ఉండెను. బొర్రయ్య లక్ష్మయ్యలకు పల్లె చెవి ఉండెను. ఆ రెండును కలిసినందుననే ఆ పని శాశ్వతమయ్యెను.

సోమల కొండలమీదినుండి కనబడు చెరువులకును, పాడుగుడులకును, మరి ప్రతి ఊరి దిబ్బకును ఇట్టి కథలుండును. అవి చెప్పువారు దినదినమును తగ్గుచున్నారు. అమరావతిలో పందొమ్మిది ఏండ్ల జాగు ఏమి చేసెనో ఎరిగినవారు తమ ఊరి కథను రేపు వ్రాయుదమని ఊరకుండరు.